విద్యార్థులతో సియోల్ వెళ్తున్నారా? కొరియన్ భోజనం, పద్ధతులు దగ్గరగా చూసి రావడానికి ఒక్కో అడుగూ

మా కాలేజీ పిల్లల్ని 22 మందిని సియోల్ తీసుకెళ్లి వచ్చిన దగ్గర్నుంచి తోటి లెక్చరర్లు అడిగేది ఒకటే. "అక్కడ తిండి సంగతేంటండీ? శాకాహారులుంటే ఎలా?" ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు మొత్తం వరసగా రాస్తున్నాను.

టికెట్లు, రూములు ఏ ట్రావెల్స్ వాళ్లయినా చూసిపెడతారు. ట్రిప్ దెబ్బతినేది భోజనాల దగ్గరే. మన హోటల్లో ఎవరి ప్లేటు వాళ్లది. ఒకరికి మీల్స్, పక్కనున్నాయనకి మసాలా దోశ, గొడవే లేదు. కొరియాలో చాలా వంటకాలు టేబుల్ మధ్యలో ఒకే గిన్నెలో ఉడుకుతాయి. చుట్టూ కూర్చున్నవాళ్లంతా అందులోంచే తింటారు. అందుకని ఏ హోటల్‌కి వెళ్లాలో ఆలోచించే ముందు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చుకోవాలి. మిగతా ప్లాన్ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

## 1. తేదీలు ఎంచుకోవడం

ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. సెప్టెంబర్ చివర్నుంచి నవంబర్ మొదటి వారం దాకా కూడా హాయిగా తిరగొచ్చు. జూన్ చివర్నుంచి జూలై దాకా వానలు. జనవరిలో చలి సున్నాకి బాగా కిందకి దిగుతుంది, విజయవాడ స్వెట్టర్లు అక్కడ పనికిరావు.

దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు ఒక్కసారి కొరియా క్యాలెండర్ చూసుకోండి. వాళ్ల పెద్ద పండగ చుసోక్ పౌర్ణమి నాడు వస్తుంది. 2025లో మన దసరా అక్టోబర్ 2న, వాళ్ల చుసోక్ అక్టోబర్ 6న వచ్చాయి. చుసోక్ సెలవులుండే మూడు రోజులూ చిన్న హోటళ్లు చాలావరకు మూసేస్తారు, ఊళ్లకి వెళ్లే రైళ్లలో సీటు దొరకదు. చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్‌కీ ఇదే పరిస్థితి.

## 2. కాగితాలు, డబ్బు, ఫోన్లు

ఇది త్వరగా చెప్పేస్తాను.

- భారత పాస్‌పోర్టుకు ముందే వీసా తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో కనిపించే కే-ఈటీఏ (వీసా అక్కర్లేని దేశాలవాళ్లు తీసుకునే ప్రయాణ అనుమతి) మనకు వర్తించదు. కనీసం ఆరేడు వారాల ముందు పని మొదలుపెట్టండి.
- ప్రతి విద్యార్థికీ కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్, ఖర్చు ఎవరు పెడుతున్నారో తెలిపే బ్యాంక్ కాగితాలు సిద్ధంగా ఉండాలి.
- దిగే రోజుకు 3 రోజుల ముందు నుంచి ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపొచ్చు. బయల్దేరే ముందు అందరూ ఒకే గదిలో కూర్చుని నింపితే తప్పులు దొర్లవు.
- 1,000 వన్ అంటే సుమారు 60 రూపాయలు. మామూలు హోటల్లో ఒక పూట భోజనం 10,000 వన్ అటూ ఇటూ అవుతుంది. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. కార్డుతో పాటు కొంత నగదు ఉంచుకోండి.
- అక్కడ గూగుల్ మ్యాప్స్ నడక దారి సరిగ్గా చూపించకపోవచ్చు. నావర్ మ్యాప్, అనువాదానికి పాపాగో యాప్ ఇంటి దగ్గరే వేసుకోండి.
- ప్లగ్గులు గుండ్రటి రెండు పిన్నులవి. మన మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్లకు అడాప్టర్ కావాలి.
- ఎమర్జెన్సీ నంబర్లు: పోలీసులకు 112, అంబులెన్సుకు 119, ఇంగ్లిష్‌లో సాయం చేసే పర్యాటకుల హెల్ప్‌లైన్ 1330.

## 3. టేబుల్ లెక్క: అన్నింటికంటే ముందు చేయాల్సిన పని

మొదటి రాత్రి మేం చేసిన తప్పు చెప్తాను. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి, ఆకలి మీద, 22 మందిమీ ఒక చిన్న హోటల్లోకి దూరాం. లోపలున్నవి ఆరు టేబుళ్లు. ఓనరమ్మ మమ్మల్ని చూసి రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టి ఇంటూ గుర్తు చూపించింది. అక్కడ దానర్థం "కుదరదు" అని. కోపం లేదు, విసుగు లేదు, ఉన్నమాట చెప్పిందంతే.

సియోల్ చిన్న హోటళ్లలో ఎక్కువగా నలుగురి టేబుళ్లే ఉంటాయి. కాబట్టి నలుగురు నలుగురుగా జట్లు కట్టండి. స్నేహాన్ని బట్టి కడితే పని జరగదు, ఎవరు ఏం తింటారన్న దాన్ని బట్టే కట్టాలి. బయల్దేరడానికి నెల ముందే ఒక కాగితం మీద రాయించుకోండి:

1. అన్నీ తినేవాళ్లు
2. కోడి, చేప తింటారు గానీ బీఫ్, పంది ముట్టనివాళ్లు
3. హలాల్ మాత్రమే తినేవాళ్లు
4. గుడ్డు, పాలు తీసుకునే శాకాహారులు
5. గుడ్డు కూడా ముట్టనివాళ్లు

ట్రావెల్స్ వాళ్లు "వెజ్, నాన్‌వెజ్" అని రెండే గడులు పెడతారు. మన పిల్లల్లో అందరికంటే ఎక్కువమంది రెండో జాబితాలో ఉంటారు. వాళ్లని నాన్‌వెజ్ కింద కట్టేస్తే ఇబ్బంది పడేది వాళ్లే. కిమ్చీ (కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ) వేసి చేసే కిమ్చీ జ్జిగె పులుసులో పంది మాంసం, నల్లటి జాజాంగ్‌మ్యొన్ నూడుల్స్‌లో పంది ముక్కలు, మండూ కుడుముల్లో పంది, నాచు ఆకులో అన్నం చుట్టే కింబాప్ చుట్టల్లో హామ్, కూరలు వేసి కలుపుకునే అన్నం బిబింబాప్ మీద బీఫ్ కైమా మామూలే. మటన్ దాదాపు కనిపించదు.

ఈ జట్టుకు పనికొచ్చేవి: కోడిముక్కలు, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యపు తొక్ ముక్కలు కలిపి పెనం మీద వేయించే దాక్‌గల్బి. చిన్న కోడి పొట్టలో బియ్యం, జిన్‌సెంగ్ పెట్టి ఉడికించే సామ్గ్యేతాంగ్. కాల్చిన చేపతో భోజనం. ఇంకా ఫ్రైడ్ చికెన్ ఎలాగూ ఉంది.

హలాల్ జట్టుకు ఇతెవాన్ ప్రాంతం దారి. అక్కడ 1976లో కట్టిన సియోల్ సెంట్రల్ మసీదు ఉంది, చుట్టూ హలాల్ హోటళ్లున్నాయి. ఒక పూట అందరూ అటే వెళ్లేలా ప్లాన్‌లో పెట్టండి. ఒక్క జట్టునే విడిగా పంపితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

ప్రతి జట్టుకూ ఒక టేబుల్ లీడర్ ఉండాలి. ఆర్డర్ చెప్పేది, బిల్లు కట్టేది, చివర్లో తలలు లెక్కపెట్టేది ఆ ఒక్కరే. పూట భోజనం డబ్బు కవరులో పెట్టి లీడర్ చేతికి ఇవ్వండి.

## 4. ఇంటి దగ్గర రిహార్సల్

రెండు గంటలు చాలు. స్టీలు చాప్‌స్టిక్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొరియావి సన్నగా, పలకగా, జారుడుగా ఉంటాయి. వేయించిన పల్లీలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయించండి. పది పల్లీలు వేయగలిగినవాళ్లు అక్కడ ఆకలితో ఉండరు.

ఈ మాటలు నోటికి రావాలి:

- చొగియో: ఏవండీ (హోటల్లో పిలవడానికి)
- ఇగొ జుసెయో: ఇది ఇవ్వండి (మెనూలో వేలు పెట్టి చూపిస్తూ)
- ఓల్మాయెయో: ఎంత?
- ఆన్ మేప్‌కే హే జుసెయో: కారం లేకుండా చేయండి
- చల్ మొగ్‌కెస్సుమ్నిదా: తినే ముందు అనే మాట
- చల్ మొగొస్సుమ్నిదా: తిన్నాక, వెళ్తూ వంటవాళ్లతో అనే మాట

చివరి మాట ఒక్కటీ నేర్చుకున్నా చాలు. వెళ్తూ వెళ్తూ 20 మంది ఒకరి తర్వాత ఒకరు అలా అంటుంటే వంటగదిలోంచి ఒకావిడ గరిటె పట్టుకునే బయటికి వచ్చి నవ్వింది.

మందు సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. కొరియాలో 19 ఏళ్లు నిండే సంవత్సరం జనవరి 1 నుంచి మద్యం కొనొచ్చు. అంటే మన డిగ్రీ పిల్లల్లో చాలామందికి చట్టప్రకారమే దొరుకుతుంది. ట్రిప్‌లో తాగకూడదన్నది మీ నియమమైతే కాగితం మీద రాసి పిల్లలతో, తల్లిదండ్రులతో సంతకాలు తీసుకోండి. అక్కడికెళ్లాక చెప్తే వినరు.

## 5. మొదటి రోజు: తక్కువ పెట్టుకోండి

ఇంచియాన్ ఎయిర్‌పోర్టు నుంచి సియోల్ స్టేషన్‌కి రైలుంది. ఎక్స్‌ప్రెస్ అయితే ముప్పావుగంట అటూ ఇటూ, అన్ని స్టేషన్లలో ఆగేదైతే గంట పైనే పడుతుంది. దిగగానే ప్రతి ఒక్కరికీ బస్సు, మెట్రోలకి వాడే టీ-మనీ కార్డు కొనిపించి, నగదుతో రీఛార్జ్ చేయించండి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి. తాకిస్తేనే మారే మెట్రోలో రాయితీ వస్తుంది.

మనకంటే వాళ్ల గడియారం మూడున్నర గంటలు ముందుంటుంది. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. ఆ రాత్రి పెద్ద హోటల్ పెట్టుకోకుండా కన్వీనియన్స్ స్టోర్‌కి తీసుకెళ్లండి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం డబ్బా, ఉడికించిన గుడ్లు, మూడుమూలల కింబాప్, అరటిపండు రుచి పాలు దొరుకుతాయి. ఆ అన్నంలోకి ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి కలుపుకుంటే మొదటి రాత్రి గడిచిపోతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కడుపు కుదుటపడితే మర్నాటి నుంచి కొత్త రుచులకి ధైర్యం వస్తుంది. అయితే రోజూ పొడి డబ్బా తీస్తే మాత్రం అంతదూరం వెళ్లినా, పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీ దగ్గరి కొరియన్ హోటల్లో తిన్నంత కూడా కాదు.

## 6. హోటల్లోకి వెళ్లిన దగ్గర్నుంచి బిల్లు దాకా

1. టైము చూసుకోండి. మధ్యాహ్న భోజనానికి 11:30కి ముందే వెళ్లాలి, లేదంటే 1:15 దాటాక. మధ్యలో ఆఫీసుల వాళ్ల రద్దీ. 3 నుంచి 5 దాకా చాలా హోటళ్లు వంట ఆపేస్తాయి.

2. జట్లుగా కూర్చోండి. టేబుళ్లు జరిపి కలపొద్దు. కింద కూర్చునే చోట చెప్పులు విప్పాలి, కాబట్టి చిల్లుల్లేని సాక్సులు.

3. చెంచాలు వెతకండి. టేబుల్ పక్కన చిన్న సొరుగు ఉంటుంది, అందులోనే చెంచాలు, చాప్‌స్టిక్స్. నీళ్లు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి.

4. బెల్ నొక్కండి. బల్ల మీద బెల్ లేకపోతే "చొగియో" అని కాస్త గట్టిగా పిలవొచ్చు, తప్పుపట్టరు. గ్రిల్, పులుసు లాంటివి చాలాచోట్ల కనీసం ఇద్దరికి ఆర్డర్ ఇవ్వాలి.

5. బాన్‌చాన్ వస్తుంది. కిమ్చీ, మొలకలు, ముల్లంగి లాంటి చిన్న గిన్నెలు అడక్కుండానే పెడతారు. వాటికి విడిగా డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్లీ అడగొచ్చు. అడిగి వదిలేయడమే తప్పు.

6. పెద్దవాళ్లు మొదలుపెట్టాలి. వయసులో పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మిగతావాళ్లు తింటారు. లెక్చరర్లూ, ఫొటోలు తర్వాత తీసుకోండి. మీరు ఫోన్ పట్టుకు కూర్చుంటే పులుసు చల్లారిపోతుంది.

7. అన్నం చెంచాతో, కూరలు చాప్‌స్టిక్స్‌తో. రెండూ ఒకే చేత్తో పట్టుకోరు. అన్నం గిన్నె చేత్తో పైకెత్తరు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చడం అస్సలు కూడదు, చనిపోయినవాళ్లకి పెట్టే అన్నంలా ఉంటుంది.

8. ఆకు చుట్ట మాత్రం చేత్తోనే. లెట్యూస్ ఆకులో కాల్చిన ముక్క, వెల్లుల్లి, సామ్‌జాంగ్ (సోయా, కారం కలిపిన) ముద్ద పెట్టి కిళ్లీలా చుట్టి ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే మొత్తం ఒళ్లోనే.

9. ఇచ్చేది, తీసుకునేది రెండు చేతులతో. కార్డైనా, గ్లాసైనా కుడిచేత్తో ఇస్తూ ఎడమచేయి మోచేతికి ఆనించినా చాలు.

10. బిల్లు కౌంటర్ దగ్గర. టేబుల్‌కి ఒకే బిల్లు, లీడర్ కడతారు. టిప్ ఇవ్వరు, ఇచ్చినా ఇబ్బంది పడతారు.

దాక్‌గల్బి తింటుంటే పెనం ఖాళీ చేయొద్దు. అడుగున మిగిలిన మసాలాలో అన్నం, నోరి ఆకు వేసి వేయించి పెట్టమని అడగండి. నన్నడిగితే ఆ భోజనంలో అసలు రుచి అదే.

## 7. శాకాహారుల టేబుల్

మాతో వచ్చిన ఒక అమ్మాయి "కోగి ప్పెజుసెయో", అంటే మాంసం తీసేయండి అని చక్కగా చెప్పింది. టోఫూ పులుసు వచ్చింది. చెంచా పెట్టి తిప్పితే అడుగున గుల్లలు గలగలమన్నాయి. వాళ్లు మోసం చేయలేదు. "కోగి" అంటే వాళ్ల లెక్కలో పంది, ఎద్దు, కోడి. చేపలు, రొయ్యలు, గుల్లలు అందులోకి రావు.

అందుకని మూడు ముక్కలూ చెప్పాలి:

- కోగి ప్పెజుసెయో: మాంసం వద్దు
- హేముల్ ప్పెజుసెయో: సముద్రపు జీవులు వద్దు
- మ్యొల్చి యుక్సు ఆన్ ద్వేయో: నెత్తళ్లు మరిగించిన నీళ్లు కుదరవు

అసలు చిక్కు మూడోదే. దోయెంజాంగ్ జ్జిగె (సోయా ముద్ద పులుసు), తొక్‌బొక్కి (కారంలో ఉడికించిన బియ్యపు తొక్ ముక్కలు), నూడుల్స్ పులుసు, చాలావరకు అన్నిటికీ ఎండు నెత్తళ్ల రసమే ఆధారం. తొక్‌బొక్కిలో చేపముద్ద పలకలు కూడా వేస్తారు. కిమ్చీలోనూ మామూలుగా ఉప్పురొయ్య, చేప సాస్ ఉంటాయి. ప్యాకెట్ రామ్యొన్ (ఇన్‌స్టంట్ నూడుల్స్) పొడిలో బీఫ్ రసం ఉండొచ్చు.

నోటితో చెప్పడం మీద ఆధారపడకుండా ఈ మూడు వాక్యాలూ కొరియన్ లిపిలో అచ్చువేసి, లామినేట్ చేయించి మెడలో కార్డులా వేయండి. వెళ్లేముందు కొరియన్ తెలిసినవాళ్లతో ఒకసారి సరిచూయించుకోండి.

ధైర్యంగా తినదగ్గవి:

- బిబింబాప్: మాంసం, గుడ్డు వద్దని చెప్పి. పైన వేసే ఎర్ర ముద్దలో బీఫ్ కలిపారేమో అడగాలి.
- కింబాప్: హామ్, పీతరుచి ముక్క, చేపముద్ద లేకుండా, ఎదురుగా చుట్టించుకుని.
- బౌద్ధ గుడి వంట: మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కార్తీకమాసంలో మన ఇళ్లలో చేసే వంటకి దగ్గరగా ఉంటుంది. ఇన్సాదొంగ్, జోగ్యేసా గుడి చుట్టుపక్కల వెతకండి.

## 8. కిమ్చీ చేసి చూడటం

తిని చూడటం కంటే చేసి చూస్తేనే అర్థమవుతుంది. ఇన్సాదొంగ్‌లోని మ్యూజియం కిమ్చీకాన్‌లో, ఇంకా వంట నేర్పే చిన్న చోట్ల క్లాసులు నడుస్తాయి. బుక్ చేసేటప్పుడే "ఒక టేబుల్‌కి చేప, రొయ్య లేకుండా కావాలి" అని రాయండి. సోయా సాస్, సముద్రపు నాచు రసంతో చేసే పద్ధతి వాళ్లకుంది.

ఉప్పులో నానబెట్టిన క్యాబేజీ వాళ్లే సిద్ధంగా ఇస్తారు. మనం చేసేది ఇదీ:

1. బియ్యప్పిండి గంజిలో ఎర్ర కారం, వెల్లుల్లి, అల్లం, ఉప్పురొయ్య, ముల్లంగి తురుము కలపాలి. ఆ కారం మన గుంటూరు కారంలా మెత్తగా ఉండదు. గింజ తీసి రవ్వలా దంచింది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. చూసి భయపడొద్దు.
2. క్యాబేజీ సగాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒక్కో ఆకూ ఎత్తి మొదలు దగ్గర ఎక్కువ, కొస దగ్గర తక్కువ పూయాలి. తెల్లటి మందపు భాగానికే రుచి పట్టాలి.
3. అన్ని ఆకులూ అయ్యాక సగానికి మడిచి, బయటి పెద్ద ఆకుతో పొట్లంలా చుట్టాలి.
4. గాలి లేకుండా డబ్బాలో గట్టిగా అదమాలి.

మన పిల్లలు చేసే తప్పు ఆవకాయలా అంతా ఒక బేసిన్‌లో వేసి కలిపేయడం. ఆకు నలిగిపోతుంది. ఒక్కో ఆకూ పూయాలి. మా క్లాసులో నేర్పే ఆవిడ ఒకబ్బాయి చేతిలోంచి క్యాబేజీ తీసుకుని, మాట్లాడకుండా మళ్లీ మొదట్నుంచీ చేసి చూపించింది.

## 9. హన్‌బోక్, రాజభవనం

గ్యొంగ్‌బొక్‌గుంగ్ భవనానికి మంగళవారం సెలవు, చాంగ్‌డొక్‌గుంగ్‌కి సోమవారం. హన్‌బోక్ (కొరియన్ సంప్రదాయ దుస్తులు) వేసుకున్నవాళ్లకి లోపలికి ఉచితం. గ్యొంగ్‌బొక్‌గుంగ్‌లో కాపలావాళ్లు మారే తంతు ఉదయం 10కి, మధ్యాహ్నం 2కి జరుగుతుంది.

చుట్టుపక్కల అద్దె షాపులు చాలా ఉన్నాయి. 22 మందికి దుస్తులు తొడిగించడానికి గంట పట్టింది మాకు. కాబట్టి 10 గంటల తంతు చూడాలంటే 8:30కి షాపులో ఉండాలి, లేదంటే 2 గంటలది పెట్టుకోండి. ఆడ, మగ ఎవరైనా పై అంగీ ఎడమ అంచు కుడి అంచు మీదకి రావాలి. అద్దంలో చూసి తిరగేయడం మామూలు పొరపాటే, షాపువాళ్లు సరిచేస్తారు.

తర్వాత బుక్‌చొన్ పాత ఇళ్ల వీధులు. అవి జనం కాపురముండే ఇళ్లు. ముఖ్యమైన వీధిలో పర్యాటకులకి ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకానే అనుమతి, మీరితే జరిమానా. రీల్స్ కోసం పాటలు పెట్టనివ్వొద్దు.

## 10. గ్వాంగ్‌జాంగ్ మార్కెట్

మెట్రో ఒకటో లైనులో జొంగ్నో 5-గా స్టేషన్‌లో దిగాలి. మన పిల్లల్ని ముందు బిందేతొక్ దుకాణం ముందు నిలబెట్టండి. నానిన పెసరపప్పు తిరగలిలో రుబ్బుతుంటే పిండి రాతి అంచున జారుతూ బకెట్‌లో పడుతుంది. అందులో మొలకలు, కిమ్చీ కలిపి అరచేయంత మందాన నూనెలో వేస్తారు. "సార్, పెసరట్టు!" అని ఎవరో ఒకరు అరవడం ఖాయం. తినే ముందు మాత్రం పంది ముక్కలు కలిపారేమో అడగాలి: "తెజిగోగి తురొగాయో?"

ఇక్కడ జట్టుకి రెండు రకాలు చొప్పున కొని పంచుకోండి. కూర్చునే ముందే ధర అడగండి, నగదు దగ్గరుంచుకోండి. పచ్చి బీఫ్ ఉన్న పళ్లాలు కొందరికి ఇబ్బందిగా ఉంటాయి, ఆ సందు పక్కనుంచి వెళ్లిపోవచ్చు. చెత్తబుట్టలు రోడ్డు మీద దొరకవు, ఒక సంచి వెంట పెట్టుకోండి.

## 11. గుడిలో ఒక రాత్రి

టెంపుల్‌స్టే పేరుతో దేశమంతా చాలా గుళ్లు బస ఇస్తాయి. సియోల్‌లోనే జింగ్వాన్సా వంటకి పేరున్న గుడి. నెల ముందే బుక్ చేయాలి. ఆడ, మగ గదులు వేరు. గుడివాళ్లిచ్చిన దుస్తులే వేసుకోవాలి, తెల్లవారకముందే లేవాలి.

రెండు విషయాలు ముందే చెప్పకపోతే పిల్లలు హడలిపోతారు. ఒకటి, కొన్ని కార్యక్రమాల్లో 108 సాష్టాంగ నమస్కారాలుంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూర్చోవచ్చు, ముందే చెప్పాలి. రెండోది బారు గొంగ్యాంగ్ భోజనం. నాలుగు గిన్నెలు, మెతుకు మిగల్చకూడదు. ఒక ముల్లంగి ముక్కో కిమ్చీ ముక్కో దాచుకుని, చివర్లో గోరువెచ్చటి నీళ్లు పోసి ఆ ముక్కతో గిన్నెలు తుడిచి, ఆ నీళ్లు తాగేయాలి. అందుకే మొదట్లోనే కొంచెం వడ్డించుకోమనండి. అన్ని చోట్లా ఈ పద్ధతి ఉండదు, బుక్ చేసేటప్పుడు కావాలో వద్దో తేల్చుకోండి.

## 12. తప్పులు, అక్కడికక్కడే సవరణలు

- మెట్రోలో గోల: జట్లుగా వేర్వేరు డబ్బాల్లో ఎక్కించండి. వృద్ధుల సీట్లు, గులాబీ రంగు గర్భిణుల సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు.
- చేతిలో కాఫీ కప్పుతో సియోల్ బస్సు: డ్రైవర్ ఎక్కనివ్వడు. తాగేసి ఎక్కండి.
- "మాకు కారం అలవాటే" అని పందెం: బుల్‌డాక్ నూడుల్స్ ముందు చాలామంది పరువు పోయింది. పాలు దగ్గర పెట్టుకుని ఒక ప్యాకెట్ నలుగురికి పంచండి.
- జిమ్‌జిల్‌బాంగ్‌కి (వేడి గదులుండే స్నానశాల) తీసుకెళ్లి ఇబ్బంది: స్నానాల భాగంలో ఒంటి మీద బట్టలుండవు. ఆడ, మగ వేరే అయినా మన పిల్లలు సిగ్గుపడతారు. ముందే చెప్పి, ఇష్టమైనవాళ్లనే పంపండి. మిగతావాళ్లకి నొరేబాంగ్ పాటల గది పెట్టండి.
- హోటల్ మూసి ఉంది: ప్రతి పూటకీ రెండో పేరు రాసి ఉంచుకోండి. అదీ లేకపోతే హాన్ నది ఒడ్డున స్టోర్‌లో మెషిన్ మీద వండుకునే రామ్యొన్. శాకాహారులకి వేరే చూడాలి.

## 13. బ్యాగులు సర్దుకునేటప్పుడు

వెళ్లేటప్పుడు మాంసం పచ్చళ్లు, పచ్చి పళ్లు, కరివేపాకు, విత్తనాలు పెట్టొద్దు. పొడులు సీలు వేసిన ప్యాకెట్లలో ఉండాలి.

వచ్చేటప్పుడు కిమ్చీ, గోచుజాంగ్ (ఎర్ర కారం ముద్ద) చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేయాల్సిందే, అవి ద్రవాల లెక్కలోకి వస్తాయి. చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. క్లాసులో చేసిన కిమ్చీ దారిలోనే పులిసి కవరు ఉబ్బుతుంది. డబ్బాలో కొంచెం ఖాళీ వదిలి, రెండు జిప్ కవర్లలో వేసి, బట్టల మధ్యలో కాకుండా విడిగా సర్దండి. మావాడొకడు హన్‌బోక్ ఫొటోల ఆల్బమ్ పక్కనే పెట్టాడు. శంషాబాద్‌లో బ్యాగు బెల్టు మీదకి రాకముందే వాసన వచ్చింది.